సముద్రం అడుగున మన అడుగులు

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం ప్రాంతాల కుటుంబాలకు విశాఖపట్నం ప్రయాణం కొత్తది కాదు. పూర్వం అక్కడికి వెళ్లినవారు రామకృష్ణా బీచిలో అలల ముందు కాసేపు నిలబడి, పిల్లలకు మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి, సాయంత్రానికి తిరుగు రైలు ఎక్కేవారు. ఇప్పటి యువకులు ఇంకా ముందుకు, రుషికొండ దాకా వెళుతున్నారు. అక్కడ నల్లని రబ్బరు దుస్తులు తొడిగి, వీపుకు గాలి సిలిండరు కట్టి, పడవలో కొంతదూరం తీసుకుపోయి, శిక్షకుడి తోడుతో నీటి అడుగుకు దించుతారు. కాసేపటికి పైకి వస్తారు. రాత్రయ్యేసరికి ఆ వీడియో బంధువులందరి ఫోన్లలో ఉంటుంది. మా మదర్సాలో చదివి వెళ్లిన కుర్రవాళ్లు పంపినవి నాకూ రెండు మూడు వచ్చాయి.

వాటిలో ఒకదానిని నేను మళ్లీ మళ్లీ చూశాను. నీటి నుంచి పడవలోకి వచ్చిన ఒక యువకుడు అరచేతిలో సముద్ర నక్షత్రాన్ని పెట్టుకుని కెమెరాకు చూపిస్తున్నాడు. వెనుక స్నేహితుల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ ప్రాణికి ఊపిరితిత్తులు లేవు. పలుచని చర్మం గుండా, సన్నని గొట్టాల వంటి పాదాల గుండా నీటిలోని ప్రాణవాయువును పీల్చుకుంటుంది. నీటి నుంచి తీసినప్పుడు చేపలాగా గిలగిల కొట్టుకోదు, అరవదు. కనుక దానికి ఏమీ కాలేదనుకుంటాం.

స్కూబా డైవింగ్ అనే ఈ వినోదం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఈత, నీటితో పరిచయం, సృష్టిలోని వింతలను కళ్లారా చూడాలనే కోరిక, ఇవేవీ తప్పు కావు. సముద్రగర్భాన్ని ఒకసారి చూసి వచ్చినవారికి దానిపై ప్రేమ కలుగుతుందని అనేకులు చెబుతారు. అది నిజమే కావచ్చు. నా ప్రశ్న వేరు. మన కొద్దిసేపటి ముచ్చటకు సముద్రం చెల్లించే మూల్యం ఎంత? దాన్ని తగ్గించడం ఎవరి చేతిలో ఉంది?

బురద నీరు చేసిన మేలు

కాకినాడలోనూ, అంతర్వేదిలోనూ ఉన్నది సముద్రమే గదా, మరి ఈ క్రీడ ఇక్కడ ఎందుకు లేదని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. సమాధానం గోదావరిలోనే ఉంది. వర్షాకాలంలో ఎర్రనీరు వచ్చిందంటే పులస కోసం ఎదురుచూసే మనకు, ఆ ఎరుపు ఒండ్రుమట్టిదని తెలుసు. నది ఆ మట్టిని మొగల గుండా సముద్రంలో వదులుతుంది. తీరం వెంట చాలా దూరం నీరు కలకబారి ఉంటుంది. అడుగుకు దిగినవాడికి తన చెయ్యి తనకే కనబడదు. పగడపు జీవులకు కూడా ఈ నీరు సరిపడదు. వాటికి సూర్యకాంతి చేరే తేటనీరు కావాలి, ఉప్పదనం నిలకడగా ఉండాలి. నది మంచినీటిని కుమ్మరించే చోట, మట్టి పేరుకునే చోట అవి నిలదొక్కుకోలేవు. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాత ప్రాంతంలోనూ, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలోనూ, లక్షద్వీప్‌లోనూ, అండమాన్ నికోబార్ దీవులలోనూ ఉన్నాయి. గోదావరి, కృష్ణ కలిసే ఈ తీరంలో లేవు.

దీన్ని లోపంగా భావించనక్కర లేదు. ఆ బురదే కోరింగ మడ అడవులను పెంచింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. రొయ్య పిల్లలు, పీతలు, ఎన్నో రకాల చేప పిల్లలు ఆ మడ చెట్ల వేళ్ల మధ్య పెరిగి సముద్రానికి పోతాయి. నీటిపిల్లి అక్కడ వేటాడుతుంది. దాని ముందున్న హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి కాకినాడకు పెట్టని గోడగా నిలిచి, పెద్ద అలల తాకిడిని ఆపుతుంది. ఆ దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇంత సంపదను బురద కాపాడుకున్నది. నీరు తేటగా ఉంటే ఎంతమంది దిగేవారో!

ఉత్తరానికి పోయేకొద్దీ తీరం మారుతుంది. విశాఖ దగ్గర తూర్పు కనుమల కొండలు సముద్రం అంచు దాకా వస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండ అన్నీ అటువంటివే. ఆ కొండల రాళ్లు నీటి కిందికి కూడా కొనసాగుతాయి. పెద్ద నది ఏదీ అక్కడ కలవదు గనుక కొన్ని నెలలు నీరు తేటగా ఉంటుంది. రాళ్లను పట్టుకుని స్పంజికలు, మెత్తటి పగడాలు, ఆలుచిప్పలు పెరుగుతాయి. వాటి సందులలో చేపలు గూడు కట్టుకుంటాయి. మన రాష్ట్రంలో స్కూబా డైవింగ్ అక్కడ వేళ్లూనడానికి కారణం ఇదే. అండమాన్‌తో పోలిస్తే ఇక్కడి సంపద చిన్నది. చిన్నది గనుకనే తొందరగా అరిగిపోగలదు.

అనుకోకుండా తగిలే దెబ్బ

నీటి అడుగున స్వేచ్ఛగా గాలి పీల్చుకునే పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ రూపొందించారు. అంతకు ముందు నీటిలో దిగేవాడు పైనుంచి వచ్చే గాలి గొట్టానికి కట్టుబడి ఉండేవాడు. ఈ పరికరం ఆ బంధాన్ని తెంచింది. నావికులకు, శాస్త్రజ్ఞులకు ఉపయోగపడిన సాధనం కొన్ని దశాబ్దాలలో సెలవుల వినోదంగా మారింది.

దీనివల్ల నష్టం ఎలా కలుగుతుంది? మనిషి శరీరం, అందులోనూ రబ్బరు దుస్తులు తొడిగినది, నీటిలో తేలుతుంది. దాన్ని కిందికి దించడానికి నడుముకు సీసపు దిమ్మలు కడతారు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడికి ఆ రబ్బరు నలిగి మనిషి మరింత బరువెక్కుతాడు. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అప్పుడు ఒంటిమీది గాలి జాకెట్టులోకి కొద్దిగా గాలి నింపి, పైకీ పోకుండా కిందికీ పోకుండా తేలియాడడం నేర్చుకోవాలి. ఈ విద్య ఒక్క రోజులో రాదు. రానివాడి కాళ్లు కిందికి జారుతాయి. పాదాలకు తొడిగిన పొడవైన రబ్బరు రెక్కలు అడుగును గీస్తాయి. భయం వేస్తే చేతికి అందినది పట్టుకుంటాడు. ఫోటో కోసం రాతి మీద మోకాలు ఆనిస్తాడు. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. అయినా కొమ్మలా పెరిగిన పగడం విరుగుతుంది. లేచిన ఇసుక స్పంజికల మీద పడుతుంది. నీటిని వడగట్టుకుని బ్రతికే ఆ జీవుల సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి.

బండలాగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూ పెరుగుతుంది. కొమ్మలుగా పెరిగేది కొంత వేగంగా, పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చూడడానికి రాయి. నిజానికి వేలాది చిన్న ప్రాణుల కాపురం. మన అమ్మాయిలకు మర్జాన్ అని పేరు పెట్టేవారున్నారు. పగడానికి అరబ్బీలో ఉన్న పేరు అది. ఉంగరాలలో పొదిగే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల లోతులలో దొరికే వేరొక జాతిది. దిబ్బలను కట్టే పగడాలను మన దేశంలో తీయడం, అమ్మడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి రక్షణ ఇచ్చిన మొదటి షెడ్యూలులోనే 2001లో వీటినీ చేర్చారు. బీచి దుకాణంలో తెల్లని పగడపు ముక్కను అలంకారానికి కొనేవారికి ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఎర్ర సముద్రం చెప్పిన లెక్క

హజ్ యాత్రకు వెళ్లినవారిలో కొందరు జిద్దాలో దిగే ముందు విమానం కిటికీలోంచి నీలి నీటిలో లేత పచ్చని చారలను చూసి ఉంటారు. అవి ఎర్ర సముద్రపు పగడపు దిబ్బలు. ఆ సముద్రానికి ఉత్తరపు కొసన, ఈజిప్టులోని సినాయ్ ద్వీపకల్పం దక్షిణాగ్రాన షర్మ్ అల్ షేక్ ఉంది. ఒకప్పుడు బెదూయిన్లు, జాలరులు మసలిన తావు అది. 1982లో ఆ ప్రాంతం ఈజిప్టుకు తిరిగి వచ్చింది. మరుసటి ఏడాదే పక్కనున్న రాస్ మొహమ్మద్‌ను దేశపు తొలి జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఆ తర్వాత హోటళ్లు వరుసగా లేచాయి. డైవింగ్ కోసం యూరప్ నుంచి విమానాలు దిగసాగాయి.

జూలీ హాకిన్స్, కాలమ్ రాబర్ట్స్ అనే పరిశోధకులు అక్కడ మనుషులు ఎక్కువగా దిగే దిబ్బలను, దిగని దిబ్బలను పోల్చి చూశారు. ఎక్కువగా దిగే చోట విరిగిన పగడాలు, విడిపడి దొర్లే ముక్కలు అధికంగా కనిపించాయి. తర్వాత 1997లో వారు ఒక అంచనా వెలువరించారు. ఒక్కొక్క దిబ్బ మీద ఏడాదికి ఐదారు వేల మునకల వరకు అది తట్టుకోగలదు, అది దాటితే క్షీణత వేగమందుకుంటుంది. రోజుల్లో చెప్పుకుంటే సుమారు పదిహేను మునకలు. సెలవుల కాలంలో రెండు పడవల జనం అంతకు మించి ఉంటారు. ఈ సంఖ్య ఎర్ర సముద్రపు దిబ్బలకు సంబంధించినది. రుషికొండ రాళ్లకు దాన్ని ఉన్నదున్నట్లు తగిలించడం న్యాయం కాదు. అయితే ప్రతి చోటుకూ ఓర్పుకు ఒక హద్దు ఉంటుందన్న సూత్రం ఎక్కడైనా ఒకటే. టిక్కెట్లు అమ్మడం మొదలుపెట్టక ముందే ఆ హద్దును కొలవాలి.

ఆ తీరంలో మరొక గాయం కూడా బయటపడింది. లంగరు. వంద మంది రబ్బరు రెక్కలు చేయలేని నష్టాన్ని ఒక ఇనుప లంగరు ఒక్క దెబ్బలో చేస్తుంది. రాతికి తగులుకుని, పడవ ఊగినప్పుడల్లా గొలుసు చుట్టూ ఈడ్చుకుంటూ పోతుంది. హుర్ఘదా పట్టణంలో డైవింగ్ వ్యాపారులే 1992లో హెప్కా అనే సంఘంగా ఏర్పడి, అడుగున దిమ్మలు బిగించి, పైన తేలే బోయలు అమర్చారు. పడవలు లంగరు వేయకుండా వాటికే తాడు కట్టుకుంటాయి. ఖర్చు స్వల్పం, ఫలితం ఘనం. బ్రతుకుతెరువు పోతుందని భయపడిన వ్యాపారులే ముందుకు వచ్చి చేసిన పని గనుక అది నిలిచింది. పైనుంచి వచ్చే ఉత్తర్వుకు అంత ఆయుష్షు ఉండదని నా అభిప్రాయం.

చెప్పడం వేరు, చేయి పట్టుకోవడం వేరు

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాడిని గనుక రెండు పరిశోధనలు నన్ను ప్రత్యేకంగా ఆకర్షించాయి. మొదటిది రాస్ మొహమ్మద్‌లో జరిగింది. నీటిలో దిగే ముందు పగడం అంటే ఏమిటో, దాన్ని ఎందుకు ముట్టుకోరాదో వివరంగా బోధించి, నీటిలో ప్రత్యక్షంగా చూపించారు. ఆ తర్వాత వారు దిబ్బను తాకిన సందర్భాలు మునుపటిలో మూడోవంతు కంటే తగ్గాయి. రెండవది కరేబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవిలో జరిగి, 2004లో వెలువడింది. 353 మందిని గమనించారు. వారిలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా దిబ్బను తాకారు. అత్యధికం రబ్బరు రెక్కలతోనే. చేతిలో కెమెరా ఉన్నవారు మరీ ఎక్కువగా తాకారు. పడవలో ఒక నిమిషం పాటు చేసే లాంఛనపు హెచ్చరిక వల్ల అక్కడ ప్రయోజనం ఏమీ కనబడలేదు. కానీ నీటి అడుగున నాయకుడు వెంట ఉండి, తాకుతున్నవాడిని అప్పటికప్పుడే సరిదిద్దినప్పుడు ఆ తాకిడి మూడోవంతుకు దిగింది.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. వుజూ ఎలా చేయాలో నల్లబల్ల మీద రాసి చూపితే పిల్లలు తలలు ఊపుతారు. కుళాయి దగ్గరకు పోగానే నీళ్లు ధారగా వదిలేస్తారు. పక్కన నిలబడి కుళాయి తిప్పి చూపిన రోజునే నేర్చుకుంటారు. డైవింగ్ విషయంలో దీని అర్థం స్పష్టం. ఒక శిక్షకుడి వెంట ఎంతమంది దిగుతున్నారన్నదే కీలకం. ఒకరికి ఒకరు తోడుగా, సిలిండరు పట్టుకుని దించే చోట కొత్తవాడు కూడా పెద్దగా హాని చేయలేడు. ఒక్కరి వెంట ఎనిమిది మందిని దించితే ఆ ఒక్కరూ ఎవరి కాళ్లని చూస్తారు?

ఒడ్డున జరిగేది

నీటి కింద జరిగే నష్టం కంటే ఒడ్డున జరిగేది పెద్దదని నేను నమ్ముతున్నాను. మాల్దీవులను తీసుకోండి. మన కుటుంబాలలో స్థోమత ఉన్నవారు ఇప్పుడు పెళ్లయిన జంటలను అక్కడికి పంపడం మొదలుపెట్టారు. ముస్లిం దేశం, భోజనానికి ఇబ్బంది లేదు, నీరు అద్దంలా ఉంటుంది అంటారు. 1972లో అక్కడ పర్యాటకం మొదలైంది. రాజధాని మాలేకు కొద్ది కిలోమీటర్ల దూరంలో థిలాఫుషి అనే దీవి ఉంది. 1990ల ఆరంభంలో ఒక లోతు తక్కువ నీటి మడుగులో చెత్త పోసి నింపుతూ తయారు చేసిన దీవి అది. నివాసాల చెత్తతో పాటు విహార కేంద్రాల చెత్త కూడా పడవలలో అక్కడికే చేరింది. పగడపు దిబ్బను చూడడానికి వచ్చినవాడు తాగి పడేసిన సీసా మరొక దిబ్బ మీద పూడిక అయింది.

ఒంటికి రాసుకునే ఎండ రక్షణ లేపనాల మాట కూడా ఉంది. వాటిలోని ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న పరిశోధనల ఆధారంగా పలావ్ దేశం 2020 జనవరి నుంచి, అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 జనవరి నుంచి ఆంక్షలు విధించాయి. థాయిలాండ్ 2021లో తన సముద్ర జాతీయ ఉద్యానాలలో నిషేధించింది. ఈ రసాయనాల హాని ఎంతన్న దానిపై శాస్త్రజ్ఞులలో వాదం ఉంది. ఇక్కడ మన గృహిణులు విని సంతోషించే సంగతి ఒకటి చెబుతాను. మెడ నుంచి మడమల దాకా కప్పే ఈత దుస్తులు వేసుకున్నవారికి లేపనం ముఖానికి, చేతులకు మాత్రమే కావాలి. కప్పుకున్న ఒళ్లు సముద్రానికి కూడా మేలు.

అన్నిటికంటే పెద్ద ముప్పు వేడి. నీరు కొద్ది వారాల పాటు మామూలు కంటే ఒక డిగ్రీ ఎక్కువగా ఉన్నా, పగడం తనలో కాపురముండి ఆహారం అందించే సూక్ష్మమైన నాచును వెళ్లగొడుతుంది. రంగు పోయి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 1998లో మాల్దీవుల లోతు తక్కువ నీటిలో తొంభై శాతానికి పైగా పగడాలు ఇలా పోయాయి. కోలుకుంటుండగా 2016లో మళ్లీ వేడి వచ్చింది. డైవింగ్ చేసేవాడు ఈ వేడిని పుట్టించలేదు. కానీ జ్వరంతో పడుకున్న మనిషిని మామూలు మనిషిలా నెట్టుకుంటూ పోరు గదా.

విశాఖ తీరంలో వలలు, ప్లాస్టిక్

నిష్పక్షపాతంగా మాట్లాడాలంటే విశాఖ సముద్రానికి డైవింగ్ ప్రథమ శత్రువు కాదు. నగరపు మురుగు కాలువలు సముద్రంలో కలుస్తాయి. ఓడరేవు, కర్మాగారాలు ఉన్నాయి. మరబోట్ల ట్రాల్ వలలు అడుగును దున్నుకుంటూ పోతాయి. తెగి రాళ్లకు చిక్కిన నైలాను వలలు ఏళ్ల తరబడి అక్కడే ఉండి, ఎవరికీ అక్కరకు రాకుండా చేపలను, తాబేళ్లను చంపుతూనే ఉంటాయి. వీటిని చూసింది, చూసి మనకు చెప్పింది ఎవరు? డైవర్లే. రుషికొండ పరిసరాలలో నీటి అడుగున పేరుకున్న ప్లాస్టిక్‌ను, చిక్కుపడిన వలలను వారు సంచులకొద్దీ పైకి తెచ్చిన వార్తలు గత కొన్నేళ్లలో పలుమార్లు వచ్చాయి. ఒడ్డున నిలబడి సముద్రం అందంగా ఉందనుకునే వారికి కనబడని సంగతి అది. ఈ మేలును గుర్తించకపోవడం అన్యాయం.

అలాగని పెద్ద దొంగ తిరుగుతున్నాడని చిన్న దొంగకు తాళాలు ఇవ్వం. రుషికొండ బీచికి 2020లో పరిశుభ్రతకు గుర్తుగా అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ దక్కింది. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల కారణంగా ఆ జెండా కొంతకాలం దిగిపోయి, సరిదిద్దిన తర్వాత తిరిగి ఎగిరింది. ఒడ్డున చెత్తబుట్టలు, మరుగుదొడ్లే జారిపోతుంటే నీటి కింద ఎవరూ చూడని చోట ఏం జరుగుతుందో ఊహించవచ్చు.

విరామం ఎవరికి?

ఈ తీరంలో సముద్రానికి విశ్రాంతి ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక. కాకినాడ జగన్నాథపురం, ఉప్పాడ, అంతర్వేది, భీమిలి, జాలరిపేటలలో ఆ రెండు నెలలు ఇళ్లు ఎలా గడుస్తాయో అక్కడ పుట్టినవారికే తెలుసు. ప్రభుత్వం భృతి ఇస్తుంది. అయినా అప్పులు తప్పవు. వల మరమ్మతు చేసుకుంటూ, పడవకు తారు పూసుకుంటూ గడుపుతారు.

సరిగ్గా అవే రెండు నెలలు మనకు వేసవి సెలవులు. జాలరి పడవ ఒడ్డున బోర్లాపడి ఉంటే, అతని కళ్ల ముందే విహారపు పడవలు జనాన్ని నింపుకుని అదే నీటిలోకి పోతాయి. చేప గుడ్లు పెట్టే కాలంలో, పొట్టకూటి కోసం దిగేవాడు ఆగాలి, సరదాకు దిగేవాడు దిగవచ్చు. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు బోధపడదు. విహారపు పడవ వల వేయదు, నిజమే. కానీ రాళ్ల మధ్య గూళ్లను కలచివేసే గుంపుకు చేప దృష్టిలో పేరేమిటి? విశ్రాంతి సముద్రానికైతే అందరూ ఆగాలి, కనీసం కొన్ని రాళ్ల దగ్గరైనా.

ఇది జరగని పని కాదు. అండమాన్‌లో జరుగుతున్నది. పోర్ట్ బ్లెయిర్ అని మనం పిలిచిన నేటి శ్రీ విజయపురంలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస పోయిన మత్స్యకారులు అక్కడ స్థిరపడ్డారు. దగ్గరలోని మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983లో ఏర్పడింది. అందులో జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవులకు యాత్రికులను తీసుకుపోతారు. రెండింటికీ ఒకేసారి కాదు. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి తెరిచి రెండవదాన్ని మూస్తారు, తర్వాత దాన్ని మూసి దీన్ని తెరుస్తారు. జాలీ బాయ్‌కు ప్లాస్టిక్ సీసా, సంచి తీసుకుపోనివ్వరు. థాయిలాండ్‌లో మాయా బే అనే చిన్న అఖాతానికి ఒక సినిమా పుణ్యమా అని రోజుకు వేలమంది వచ్చేవారు. 2018 జూన్‌లో దాన్ని పూర్తిగా మూసివేశారు. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవలను లోపలికి రానివ్వలేదు, జనం సంఖ్యకు పరిమితి పెట్టారు. ఇప్పటికీ ఏటా ఆగస్టు, సెప్టెంబరులలో మూస్తారు.

మన ఫిఖ్ గ్రంథాలు చదివినవారికి హిమా అనే మాట కొత్త కాదు. అందరి మేలు కోసం ఒక పచ్చిక ప్రదేశాన్ని కేటాయించి, అక్కడ మేతకు, కొట్టుకు హద్దు పెట్టడం. మదీనా సమీపంలోని నఖీ అటువంటిదే. నేల మీద పుట్టిన ఈ ఏర్పాటును నీటికి కూడా అన్వయించుకున్న ముస్లిం మత్స్యకారులున్నారు. తూర్పు ఆఫ్రికాలో జాంజిబార్‌కు చెందిన పెంబా దీవి పక్కన మిసాలి అనే చిన్న దీవి ఉంది. దాని చుట్టూ పగడాలు దట్టంగా ఉంటాయి. చేపల కోసం మందుగుండు పేల్చే పద్ధతి అక్కడ దిబ్బలను ధ్వంసం చేస్తూ వచ్చింది. 1998లో మిసాలిని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అధికారుల హెచ్చరికలకు లొంగని జాలరులు మసీదు పెద్దల మాట విన్నారు. చూడడానికి, డైవింగ్‌కు వచ్చే సందర్శకుల రుసుములో ఒక వాటా ఆ జాలరి గ్రామాలకే చెందేలా ఏర్పాటు చేశారు. ఈ చివరి అంశమే నాకు ముఖ్యంగా తోస్తున్నది. రుషికొండలో అమ్ముడయ్యే ఒక్కొక్క టిక్కెట్టులో కొంత భాగం వేట నిషేధ కాలంలో ఖాళీగా కూర్చున్న జాలరి ఇంటికి చేరితే, ఆ రాళ్లకు అతడే కావలి కాస్తాడు. ఏ రాయి దగ్గర ఏ చేప ఉంటుందో అతని కంటే తెలిసినవారు ఎవరు?

మన డెల్టాకు డైవింగ్ రాకపోవచ్చు. కానీ ఆ జనమే, ఆ పడవలే రూపం మార్చుకుని వస్తున్నాయి. వేగంగా పోయే ఇంజను పడవ లేపిన అల కాలువ గట్టు మట్టిని కోస్తుంది. రాత్రి పూట దీపాలు పెట్టిన ఒడ్డున తాబేలు పిల్లలు సముద్రమని భ్రమించి వెలుగు వైపు పాకుతాయి. దిండి, అంతర్వేది, హోప్ ఐలాండ్ ప్రాంతాలలో విహార కేంద్రాల గురించి ఆలోచించేవారు విశాఖ అనుభవాన్ని ముందే చదువుకోవడం మంచిది.

డబ్బు కట్టే ముందు

ఇంతా చదివిన తర్వాత కూడా మీ అబ్బాయి వెళ్లి తీరుతానంటాడు. వెళ్లనివ్వండి. అయితే వెళ్లే ముందు ఈత కొలనులో తేలియాడడం సాధన చేయించే సంస్థనే ఎంచుకోమనండి. మొదటిసారి దిగేవాడు కెమెరా తీసుకుపోనక్కర లేదు. చేతి తొడుగులు ఉంటే ముట్టుకోవాలనిపిస్తుంది, అవీ వద్దు. చేపలకు రొట్టె ముక్కలు, బిస్కెట్లు వేసి గుంపు కట్టించి వీడియో తీయిస్తామనే చోట ఒప్పుకోవద్దు. నాచును తిని రాళ్లను శుభ్రం చేయవలసిన చేప రొట్టెకు అలవాటు పడుతుంది. శంఖం ఎంత అందంగా ఉన్నా అక్కడే ఉండనివ్వాలి. ఖాళీ శంఖంలోకి రేపు ఒక సన్యాసి పీత కాపురానికి వస్తుంది. ఆడపిల్లలు దిగదలిస్తే వదులుగా వేలాడే దుపట్టాలు, కొంగులు రాళ్లకు చిక్కుతాయి. ఒంటికి అంటిపెట్టుకునే నిండు దుస్తుల మీద రబ్బరు దుస్తులే క్షేమం.

ఇక డబ్బు తీసుకునే బల్ల దగ్గర నిలబడి మూడు మాటలు అడగమనండి. ఒక్క శిక్షకుడి వెంట ఎంతమందిని దించుతారు? పడవను దేనికి కడతారు, బోయకా, లేక రాళ్ల మీద లంగరు వేస్తారా? ఒక్క రోజులో ఒకే చోట ఎన్ని పడవలు ఆగుతాయి? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవారు ఉన్నారు. చెప్పలేక విసుక్కునే చోట నుంచి లేచి, పక్క బల్ల దగ్గరకు పోవచ్చు.